త్రిపురలో గిరిజనుల వాటా సగం నుంచి మూడో వంతుకు ఎలా తగ్గింది?

క్లుప్తంగా: 1941 నాటికి త్రిపుర జనాభాలో దాదాపు సగం ఉన్న గిరిజనులు 1981 నాటికి 28 శాతానికి తగ్గారు. ఇందుకు ప్రధాన కారణం దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల వలస. అంతకుముందే రాజులు పన్నుల కోసం మైదానాల రైతులను రప్పించిన చరిత్ర కూడా ఉంది. 1981 తర్వాత గిరిజనుల వాటా తగ్గడం ఆగి, కాస్త పెరిగింది. గొడవ మాత్రం ఆగలేదు. భూమి, సీట్లు, భాష చుట్టూ అది ఇంకా నడుస్తూనే ఉంది.

2011 తర్వాత దేశంలో మళ్లీ జనగణన జరుగుతోంది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్నారు. ఈలోగా "జనాభా స్వరూపం మారిపోతోంది" అనే మాట ఎన్నికల సభల్లో, టీవీ చర్చల్లో తరచూ వినిపిస్తోంది. 2025 స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో ప్రధాని ఈ విషయంపై ఒక ఉన్నత స్థాయి మిషన్‌ను కూడా ప్రకటించారు. చాలా రాష్ట్రాల్లో ఇది ఇంకా ఆరోపణల దశలోనే ఉంది. త్రిపుర సంగతి అలా కాదు. అక్కడ మార్పు ఎప్పుడో జరిగిపోయింది, పదేళ్లకోసారి జనగణన పుస్తకాల్లోకి ఎక్కింది కూడా. వలస వల్ల ఒక రాష్ట్రం ఎలా మారుతుందో, మారాక ఏమవుతుందో తెలుసుకోవాలంటే దేశంలో ఇంత స్పష్టమైన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

## అంకెలు ఏం చెబుతున్నాయి

1901లో త్రిపుర సంస్థానం జనాభా 1.73 లక్షలు. అందులో గిరిజనులు సగానికి కాస్త ఎక్కువ. 1941కి మొత్తం జనాభా 5.13 లక్షలకు చేరింది, అంటే నలభై ఏళ్లలో దాదాపు మూడింతలు. అదే కాలంలో భారతదేశ జనాభా పెరిగింది సుమారు మూడో వంతు మాత్రమే. కాబట్టి విభజనకు ముందే త్రిపురకు బయటి నుంచి జనం బాగా వచ్చారన్నది ఖాయం. వచ్చినవాళ్లందరూ బెంగాలీలే అయ్యుంటే గిరిజనుల వాటా అప్పుడే కూలిపోయేది. అలా జరగలేదు, 1941లోనూ దాదాపు సగం దగ్గరే ఉంది. చిట్టగాంగ్ కొండల వైపు నుంచి గిరిజన తెగలు కూడా వచ్చి చేరడమే ఇందుకు కారణం.

ఆ తర్వాత కథ మారింది. గిరిజనుల వాటా 1951లో 37 శాతం, 1961లో 31.5, 1971లో 29, 1981లో 28.4. అక్కడి నుంచి దిశ మళ్లింది. 1991లో 31 శాతం, 2001లో 31, 2011లో 31.8.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. షెడ్యూల్డు తెగల జాబితా 1950–51లో వచ్చింది. అంతకుముందు గిరిజనులుగా ఎవరిని లెక్కపెట్టారో, ఆ తర్వాత ఎవరిని లెక్కపెట్టారో అచ్చంగా ఒకటి కాదు. అందుకే 1941కి, 1951కి మధ్య కనిపించే పతనాన్ని మొత్తంగా వలస ఖాతాలో రాయడం సరికాదు. 1951 తర్వాతి అంకెలను మాత్రం ధైర్యంగా పోల్చుకోవచ్చు.

ఇంకో మాట. వాటా తగ్గిందంటే మనుషులు తగ్గారని కాదు. 1951లో 2.38 లక్షలున్న షెడ్యూల్డు తెగలవారు 1971కి 4.5 లక్షలయ్యారు. మిగతావాళ్లు అదే ఇరవై ఏళ్లలో నాలుగు లక్షల నుంచి పదకొండు లక్షలకు పెరిగారు. వేగంలో ఉన్న ఈ తేడానే శాతాల్లో కనిపిస్తుంది.

## రాజుకు నాగలి రైతు ఎందుకు కావాల్సివచ్చాడు

మాణిక్య వంశపు రాజులు బ్రిటిష్ కాలంలో రెండు పాత్రలు పోషించారు. కొండల్లో వాళ్లు రాజులు. కొండ దిగి కొమిల్లా, నోవాఖలి, సిల్హెట్ వైపు మైదానాల్లోకి వస్తే బ్రిటిష్‌వారి కింద జమీందార్లు. చక్లా రోషనాబాద్ అనే ఆ జమీందారీలో రైతులు ఎక్కువగా బెంగాలీలే. ఖజానాకు పెద్ద ఆదాయం అక్కడినుంచే వచ్చేది.

కొండల్లో సాగు వేరు. జూమ్ అనే పోడు వ్యవసాయంలో కుటుంబాలు ఏటేటా చోటు మారుస్తాయి. అడవి నరికి, కాల్చి, బూడిద నేలలో వరి, పత్తి, నువ్వులు కలిపి చల్లి, ఒకటి రెండు పంటలు తీశాక ఆ నేలను వదిలేస్తాయి. అలాంటి చోట ఎకరాకు ఇంత అని శిస్తు వేయలేరు. అందుకే ఇంటికి ఇంత అని పన్ను వసూలు చేసేవారు. నాగలి కట్టి దున్నే రైతు ఒకేచోట ఉంటాడు, అతని పొలాన్ని కొలవచ్చు, ఏటా శిస్తు రాబట్టవచ్చు. లోయల్లో అడవి కొట్టి సాగులోకి తెచ్చేవారికి మొదటి కొన్నేళ్లు పన్ను మినహాయించి రాజులు పట్టాలిచ్చారు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు కూడా బెంగాల్ నుంచే వచ్చారు. ఆస్థాన భాషే బెంగాలీ కాబట్టి వాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేకపోయింది.

ఇది ఎటు పోతుందో రాజులకు తెలియకపోలేదు. 1931లో ఒకసారి, 1943లో ఇంకా పెద్ద ఎత్తున కొంత భూభాగాన్ని ఐదు తెగల కోసం ప్రత్యేకించారు. స్వయంగా ఏలిన చివరి రాజు బీర్ బిక్రమ్ 1947 మేలో మరణించారు. ఆ రక్షణ తర్వాతి ఏడాదే సడలింది, శరణార్థులకు చోటు చూపాలన్న ఒత్తిడి అప్పటికే మొదలైంది మరి.

## విభజన తర్వాతి మూడు దశాబ్దాలు

త్రిపుర మ్యాపు చూస్తే సగం విషయం అర్థమవుతుంది. మూడు వైపులా బంగ్లాదేశే. సరిహద్దు పొడవు 856 కిలోమీటర్లు. రాజధాని అగర్తల సరిహద్దును ఆనుకునే ఉంది, అవతల అఖౌరా రైల్వే స్టేషన్ కొద్ది కిలోమీటర్ల దూరం. లోయలు పడమటి మైదానాల వైపు తెరుచుకుని ఉంటాయి. కొమిల్లా నుంచో, నోవాఖలి నుంచో బయల్దేరిన కుటుంబానికి కోల్‌కతా కన్నా త్రిపుర ఎంతో దగ్గర. చాలామందికి ఇది పరాయి చోటు కూడా కాదు, తమ జమీందారు రాజ్యమే.

1946 నోవాఖలి అల్లర్లతో మొదలైన రాక విభజనతో పెరిగింది. 1950లో, 1964లో తూర్పు పాకిస్థాన్‌లో మత ఘర్షణలు జరిగినప్పుడల్లా మరో కెరటం వచ్చింది. సంస్థానం 1949 అక్టోబరు 15న భారత్‌లో విలీనమైంది. కాబట్టి వచ్చినవారికి పునరావాసం కల్పించడం, భూమి ఇవ్వడం ప్రభుత్వ కార్యక్రమంగానే సాగింది. త్రిపురను ఇతర చోట్లతో పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. ఇక్కడ స్థిరపడిన శరణార్థుల్లో చాలామంది దొంగచాటుగా వచ్చినవారు కాదు, ప్రభుత్వం నమోదు చేసి స్థలం చూపినవారు.

వలస ఎంతో అంచనా వేయడానికి చిన్న లెక్క చాలు. 1951 నుంచి 1961 వరకు దేశ జనాభా 21.6 శాతం పెరిగింది. త్రిపుర జనాభా పెరిగింది 78.7 శాతం. దేశ సగటు వేగంతోనే పెరిగి ఉంటే 6.39 లక్షలు 7.77 లక్షలయ్యేవి. నిజానికి 11.42 లక్షలయ్యాయి. ఆ తేడా సుమారు 3.65 లక్షలు. పదేళ్ల కిందట ఉన్న మొత్తం జనాభాలో సగానికి పైగా మనుషులు అదనంగా చేరారన్నమాట. ఈ స్థాయి పెరుగుదలను జననాల రేటుతో వివరించడం కుదరదు.

రాకల గురించే అందరూ మాట్లాడతారు. పోకలూ జరిగాయి. 1961లో త్రిపుర జనాభాలో 20 శాతం ముస్లింలు, 1971కి ఆ వాటా 7 శాతం లోపుకు పడిపోయింది. కొందరిని చొరబాటుదార్ల పేరుతో పంపించేశారు. కొందరు సరిహద్దు అవతల ఉన్న హిందూ కుటుంబాలతో ఇల్లూ పొలమూ మార్చుకుని వెళ్లిపోయారు. కాబట్టి ఆ దశాబ్దంలో వచ్చిన శరణార్థుల్లో ఒక భాగం గిరిజనుల భూముల్లోకి కాక, వెళ్లిపోయిన ముస్లింల చోటులోకి చేరింది. గిరిజన–బెంగాలీ అనే రెండు ముక్కల కథలో ఈ మూడో ముక్క ఎప్పుడూ జారిపోతుంటుంది.

1971 బంగ్లా యుద్ధ సమయంలో సుమారు 14 లక్షల మంది శరణార్థులు త్రిపురలోకి వచ్చారు. అప్పటి రాష్ట్ర జనాభా 15.56 లక్షలు. ఇంటికొక శరణార్థి కుటుంబం అన్నట్టుండేది. అయితే వాళ్లలో అత్యధికులు యుద్ధం ముగిశాక తిరిగి వెళ్లిపోయారు. శాశ్వత మార్పును తెచ్చింది ఈ ఒక్క ఏడాది హడావుడి కాదు, అంతకు ముందు ఇరవై ఏళ్లు ఆగి ఆగి సాగిన రాక.

## పక్క కొండల్లో ఇలా ఎందుకు జరగలేదు

మిజోరం కూడా అదే తూర్పు బెంగాల్‌కు ఆనుకుని ఉంది. అక్కడ గిరిజనులు ఇప్పటికీ 90 శాతానికి పైగా ఉన్నారు. తేడా ఎక్కడ? కొండలు ఎత్తుగా ఉండటం ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం చట్టం. 1873 నాటి నిబంధనల కింద బ్రిటిష్‌వారు లుషాయ్ (నేటి మిజోరం), నాగా కొండల చుట్టూ ఇన్నర్ లైన్ గీశారు. అనుమతి పత్రం లేకుండా బయటివాళ్లు అందులోకి పోకూడదు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఆరో షెడ్యూల్ కింద ఆ ప్రాంతాల్లో స్వయంపాలక మండళ్లకు వీలు కల్పించింది.

త్రిపుర సంస్థానం కావడంతో బ్రిటిష్ ఇన్నర్ లైన్ దానికి వర్తించలేదు. విలీనం తర్వాత కూడా ఎవరూ గీయలేదు. ఆరో షెడ్యూల్ 1985 వరకు రాలేదు. అంటే శరణార్థుల రాక ఉద్ధృతంగా ఉన్న కాలమంతా తలుపుకు గొళ్లెం లేదు. గొళ్లెం పెట్టేటప్పటికి రావాల్సినవాళ్లు చాలావరకు వచ్చేశారు.

అస్సాంది మరో దారి. అక్కడ గొడవంతా ఎవరు పౌరుడు, ఎవరు కాదు అన్న దాని మీద నడిచింది. 1985 ఒప్పందం 1971 మార్చి 25ను గీటురాయిగా పెట్టింది. 2019 ఆగస్టులో వచ్చిన పౌర పట్టికలో 19 లక్షల మందికి చోటు దక్కలేదు. త్రిపురలో స్థిరపడినవారి పౌరసత్వం గురించి అంత పెద్ద పేచీ లేదు. అందుకే అక్కడి డిమాండ్లు చాలావరకు "పంపేయండి" అనే దిశలో కాక "మా భూమి, మా పాలన మాకివ్వండి" అనే దిశలో సాగాయి.

## భూమి చేతులు మారిన తీరు

శాతాలు మారడం కాగితం మీద జరిగేది. జనానికి తగిలింది భూమి మారడం. అదెలా జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి.

పోడు చేసే కుటుంబానికి విత్తనాలు చల్లాక కోత వచ్చేదాకా చేతిలో డబ్బుండదు. సంతలో వ్యాపారి ముందుగా బియ్యమో, ఉప్పో, నగదో ఇస్తాడు. పంట వచ్చాక అతను చెప్పిన ధరకే అమ్మాలి. దీన్ని అక్కడ దాదన్ అంటారు. పంట దెబ్బతింటే బాకీ మరుసటి ఏడాదికి పోతుంది, మూడో ఏడాదికి లోయలో ఉన్న కాస్త చదును నేల తాకట్టులోకి వెళుతుంది. ఆ నేలకు సరైన పత్రం ఉండదు కాబట్టి చేతులు మారడానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. సర్వే జరిగే రోజుకు అక్కడ దున్నుతూ కనిపించినవాడి పేరే రికార్డుకెక్కుతుంది. కుటుంబం మళ్లీ కొండ పైకి జరుగుతుంది.

1960లో వచ్చిన త్రిపుర భూ ఆదాయ, భూ సంస్కరణల చట్టం కలెక్టర్ అనుమతి లేకుండా గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకూడదని చెప్పింది. అమలు నీరసంగా సాగింది. 1974లో సవరించి, అక్రమంగా పోయిన భూమిని తిరిగి ఇప్పిస్తామన్నారు. కానీ గడువు తేదీ 1969 జనవరి 1గా పెట్టారు. వలస ఉద్ధృతంగా ఉన్న 1950లు, 60లలో చేతులు మారిన భూమి అంతా ఆ గీతకు అవతలే మిగిలిపోయింది.

తెలుగు రాష్ట్రాల్లో ఏజెన్సీ ప్రాంతాలకు వర్తించే 1/70 చట్టంతో దీన్ని పోల్చి చూడొచ్చు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా అనుకుని, కాదని రుజువు చేసుకునే భారాన్ని ఆ గిరిజనేతరుడి మీదే వేస్తుందీ చట్టం. గిరిజనేతరుల మధ్య లావాదేవీలనూ అడ్డుకుంటుంది. కాగితం మీద త్రిపుర చట్టం కన్నా ఇది చాలా గట్టిది. అయినా ఆదిలాబాద్‌లో, భద్రాచలం ఏజెన్సీలో భూమి బినామీ పేర్లతో ఎలా జారిపోయిందో తెలిసిన విషయమే. గట్టి చట్టానికే ఈ గతి పడితే, గడువు తేదీతో చిల్లుపడిన చట్టం గురించి చెప్పేదేముంది!

ఇక గుమతి నది మీద డుంబుర్ దగ్గర కట్టిన జలవిద్యుత్ డ్యామ్. 1970ల మధ్యలో దాని జలాశయం గిరిజన కుటుంబాలు సాగు చేసుకుంటున్న మంచి లోయ భూములను ముంచేసింది. పట్టాలు చూపగలిగినవారికే పరిహారం అందింది. తరతరాలుగా దున్నుతున్నా కాగితం లేనివాళ్లు నిర్వాసితుల లెక్కలోకి కూడా రాలేదు. వలసకు దీనికి నేరుగా సంబంధం లేదు. కానీ నష్టపోయామన్న భావన గట్టిపడటంలో డుంబుర్ పేరు ఇప్పటికీ ముందే వస్తుంది.

## 1980, ఆ తర్వాత

1967లో ఏర్పడిన త్రిపుర ఉపజాతి జుబా సమితి అనే గిరిజన పార్టీ స్వయంపాలక మండలి, భూమి వాపసు, గిరిజనులు మాట్లాడే కోక్‌బొరోక్ భాషకు గుర్తింపు అడిగింది. 1979లో కోక్‌బొరోక్‌కు అధికార భాష హోదా వచ్చింది, మండలి చట్టమూ వచ్చింది. బెంగాలీల్లో దీనికి వ్యతిరేకత రాజుకుంది. మరోవైపు సాయుధ బృందాలు తయారయ్యాయి. 1980 జూన్ 8న అగర్తల దగ్గరి మండై గ్రామంలో రెండు వందలకు పైగా బెంగాలీలను చంపేశారు. ప్రతీకార దాడుల్లో గిరిజనులూ చనిపోయారు. అంతవరకు పక్కపక్కనే ఉన్న పల్లెలు విడిపోయి, ఏ వర్గంవాళ్లు ఆ వర్గం ఎక్కువగా ఉన్న చోటికి జరిగారు. రాష్ట్రం లోపలే జరిగిన ఈ వలస రాష్ట్ర స్థాయి శాతాల్లో కనిపించదు.

మండలికి 1985లో ఆరో షెడ్యూల్ రక్షణ దక్కింది. రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 68 శాతం దాని కిందికి వస్తుంది, జనాభాలో మాత్రం మూడో వంతే. కొండలన్నీ మండలికి, పట్టణాలు, చదును పొలాలు చాలావరకు బయట అన్నమాట. 1988లో బిజయ్ హ్రాంగ్‌ఖాల్ నాయకత్వంలోని టీఎన్‌వీ అనే గిరిజన సాయుధ సంస్థ ఆయుధాలు దించింది. తర్వాత పుట్టిన ఇలాంటి సాయుధ సంస్థలు ఎన్‌ఎల్‌ఎఫ్‌టీ, ఏటీటీఎఫ్ మరో మూడు దశాబ్దాలు ఏదో రూపంలో మిగిలి, 2024 సెప్టెంబరు 4న కేంద్రంతో ఒప్పందం చేసుకున్నాయి.

## వాటా నిలకడగా ఉన్నా పేచీ ఎందుకు?

1981–91 దశాబ్దంలో షెడ్యూల్డు తెగల సంఖ్య 46 శాతం పెరిగింది. ఇది కూడా జననాలతో మాత్రమే సాధ్యమయ్యే వేగం కాదు. హక్కులు, మండలి, రిజర్వేషన్లు వచ్చాక తమను ఎస్టీలుగా నమోదు చేయించుకున్నవారు పెరగడం ఇందులో ఒక పాలు అయ్యుండాలి. తర్వాతి రెండు దశాబ్దాల్లో వాటా దాదాపు స్థిరపడింది.

రాష్ట్రం మొత్తం పెరుగుదల కూడా నెమ్మదించింది. 1991–2001లో 16 శాతం, 2001–11లో 14.8. ఈ రెండూ దేశ సగటు కన్నా తక్కువే. పెద్ద ఎత్తున చొరబాటు జరుగుతుంటే ఈ అంకెలు ఇలా ఉండవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం త్రిపురలో ఒక మహిళకు సగటున 1.7 మంది పిల్లలు, దేశ సగటు 2.0. అవతల బంగ్లాదేశ్‌లోనూ జననాల రేటు 1970ల నాటి ఆరుకు పైనుంచి రెండు చిల్లరకు దిగింది. కాబట్టి వలసకు అటునుంచి తోసే బలమూ తగ్గింది. ఇప్పుడు రైలెక్కి బెంగళూరు, కోల్‌కతా పోయే యువకుల సంగతే అక్కడ ఎక్కువగా మాట్లాడుకోవాల్సిన వలస.

మరి వివాదం ఎందుకు తగ్గలేదు? శాతం నిలబడినంత మాత్రాన పోయిన భూమి వెనక్కి రాదు. మండలికి విస్తీర్ణం పెద్దదే, డబ్బుకు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం వైపే చూడాలి. కోక్‌బొరోక్‌ను రోమన్ లిపిలో రాయాలా, బెంగాలీ లిపిలోనా అన్నది ఇంకా తెగలేదు. రాజవంశీకుడు ప్రద్యోత్ దేవ్‌బర్మ పెట్టిన తిప్రా మోథా 2021లో మండలిని గెలుచుకుని, 2023 అసెంబ్లీ ఎన్నికల్లో 13 స్థానాలు సాధించింది ఈ అసంతృప్తి మీదే. 2024 మార్చి 2న కేంద్రం, రాష్ట్రం, మోథా కలిసి ఒప్పందం చేసుకున్నాక ఆ పార్టీ ప్రభుత్వంలో చేరింది.

పౌరసత్వ సవరణ చట్టం మీద వచ్చిన ఆందోళన కూడా ఇలాంటిదే. ఆరో షెడ్యూల్ ప్రాంతాలకు మినహాయింపు ఉంది. మిగతా 32 శాతం భూభాగానికి లేదు. రాష్ట్రంలోని జనాభాలో ఎక్కువ భాగం, ఓట్లలో ఎక్కువ భాగం ఉన్నది ఆ 32 శాతంలోనే. ఇక మిజోరం నుంచి వచ్చిన బ్రూ తెగ నిర్వాసితులను త్రిపురలోనే స్థిరపరచాలని 2020లో నిర్ణయించినప్పుడు వ్యతిరేకించింది ఉత్తర త్రిపురలోని బెంగాలీలు, కొన్ని మిజో వర్గాలు. అంటే వచ్చేవారు ఎవరైనా, పక్కన ఉన్న భూమి గురించి భయపడేవారు మాత్రం ఎప్పుడూ ఉంటారు.

## రాబోయే లెక్కలో తేలేది

కొత్త జనగణనలో గిరిజనుల వాటా ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయితే ఏమవుతుంది? మామూలుగా చూస్తే పెద్ద తేడా అనిపించదు. అసెంబ్లీ సీట్ల దగ్గరికి వస్తే ఉంటుంది.

త్రిపుర అసెంబ్లీలో 60 స్థానాలు, అందులో ఎస్టీలకు 20. ఇది జనాభా నిష్పత్తి నుంచి వచ్చిన సంఖ్య కాదు. టీఎన్‌వీతో 1988లో కుదిరిన ఒప్పందంలో భాగంగా 17 నుంచి 20కి పెంచారు. 1992లో 72వ రాజ్యాంగ సవరణ దాన్ని కాపాడింది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన ఆధారంగా సీట్లను సర్దే వరకే ఆ రక్షణ. 2027 జనగణనే ఆ మొదటిది. 2011 నాటి 31.8 శాతాన్ని 60 స్థానాలకు వర్తింపజేస్తే వచ్చేది 19. ఇరవై నిలవాలంటే వాటా 33 శాతం దగ్గరికి చేరాలి, లేదా పార్లమెంటు మళ్లీ ప్రత్యేక ఏర్పాటు చేయాలి. అసెంబ్లీలో సీట్ల సంఖ్యే పెరిగితే లెక్క మరోలా ఉంటుంది. తిప్రా మోథాకు వచ్చిన 13 స్థానాలూ ఈ ఇరవైతో ముడిపడినవే కాబట్టి, జనగణన అంకెలు బయటికి వచ్చిన రోజున అగర్తలలో ముందుగా చూసే గడి ఏదో ఊహించడం కష్టం కాదు.